తలుపు తీసే ఉంచాం, ఎవరూ రాలేదు

ప్రశ్న

అమ్మా, నేను కోనసీమలో ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడిని. నాలుగేళ్ల క్రితం కొందరు మిత్రులతో, పూర్వ విద్యార్థులతో కలిసి ఒక ట్రెక్కింగ్ బృందం మొదలుపెట్టాను. చలికాలంలో మారేడుమిల్లి అడవుల్లోకి, గుడిస కొండ మీదికి వెళతాం. ఏడాదికి ఒకసారి భువనగిరి వెళ్లి రాతి కొండ మీద తాళ్లతో ఎక్కడం నేర్చుకుంటాం. ఇప్పుడు మేం ఇరవై ఆరుగురం. మొన్న ఫొటోలన్నీ ఒకచోట పెట్టి చూస్తుంటే ఇంటర్ చదివే మా అమ్మాయి, ‘ఇందులో నాలాంటి వాళ్లు ఒక్కరూ లేరేం నాన్నా?’ అని అడిగింది. అప్పుడు లెక్క చూసుకున్నాను. నాలుగేళ్లలో ఐదుగురు అమ్మాయిలు వచ్చారు, రెండోసారి ఎవరూ రాలేదు. కొబ్బరి దింపు తీసే కార్మికుడి కొడుకు ఒకడు, నా విద్యార్థే, ఒక్కసారి వచ్చాడు. చాలా చురుకైనవాడు. తిరుగు ప్రయాణంలో ఒక తోట దగ్గర ఆగినప్పుడు మావాళ్లు అడిగితే నిమిషంలో చెట్టెక్కి అందరికీ బొండాలు దింపాడు, అందరం చప్పట్లు కొట్టాం. అయినా మళ్లీ రాలేదు. అడిగితే, ‘రెండు వేలు కట్టి ఎక్కడం ఎందుకు, అది మనం రోజూ చేసే పనేగా అంటున్నాడండీ మా నాన్న’ అన్నాడు. ఒక కాలికి కృత్రిమ పాదం ఉన్న మరో విద్యార్థి తనూ రావచ్చా అని అడిగితే, ప్రమాదం ఎందుకని నచ్చజెప్పి పంపాం. మేం ఎవరినీ రావద్దనలేదు, తలుపు తీసే ఉంచాం. నా మిత్రులు, ‘పట్టుదల ఉన్నవాళ్లు వాళ్లే వస్తారు, పూర్ణ ఎవరెస్టు ఎక్కలేదా? అందరి కోసం అంటూ తేలిక చేస్తే సాహసానికి విలువేముంది?’ అంటున్నారు. వాళ్ల మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు, కాదని చెప్పడానికీ మాట రావడం లేదు. ఏం చేయమంటారు?

— ఒక అధ్యాపకుడు, కోనసీమ

సమాధానం

మాస్టారూ, మీ ఉత్తరంలో ‘మేం ఎవరినీ రావద్దనలేదు’ అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నన్ను కూడా ఎవరూ వద్దనలేదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఎన్.సి.సి. క్యాడెట్‌గా ఉన్నప్పుడు, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ఆడపిల్లలకు కూడా 28 రోజుల ప్రాథమిక శిక్షణ ఇస్తారని తెలిసి, దరఖాస్తు తెప్పించమని మా కళాశాలలో ఆ బాధ్యత చూసే పెద్దమనిషిని అడిగాను. ఆయన నవ్వి, ‘చూద్దాంలేమ్మా’ అన్నారు. దరఖాస్తు వచ్చింది, కాని గడువు దాటిన నాలుగో రోజున నా చేతికి వచ్చింది. ఇంట్లోనూ ఎవరూ వద్దనలేదు. మా అమ్మ మాత్రం, ‘అంత చలిలో స్నానానికి వేన్నీళ్లు దొరుకుతాయా, అక్కడ ఆడవాళ్లు ఎవరుంటారు?’ అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఉద్యోగం వచ్చి నా జీతం నా చేతికి వచ్చాక, ఏడేళ్లు ఆలస్యంగా, ఇరవై ఏడో ఏట నేను ఉత్తరకాశీ వెళ్లాను. ఆ ఏడేళ్లూ ఎవరి తప్పువల్ల పోయాయో ఇప్పటికీ వేలుపెట్టి చూపించలేను. తలుపు వేసింది ఎవరూ కాదు, గడప మాత్రం చాలా ఎత్తుగా ఉంది. మీ బృందం గడప ఎంత ఎత్తుందో లోపల ఉన్నవాళ్లకు కనబడదు, దాటలేక వెనుదిరిగిన వాళ్లకే తెలుస్తుంది. అందుకని మీకు చెప్పదలచుకున్న మాటల్లో మొదటిది, వెనక్కి వెళ్లిపోయిన ఆ ఏడుగురినీ ఒక్కొక్కరిగా, తీరికగా కలిసి అడగమని. అలా అడిగేలోగా నాకు తోచినవి కొన్ని చెబుతాను.

దింపు కార్మికుడి కొడుకుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ చప్పట్ల సంగతి మీరు మంచి జ్ఞాపకంగా రాశారు. ఆ అబ్బాయి స్థానంలో కూర్చుని ఆ మధ్యాహ్నాన్ని మరొక్కసారి చూడండి. జీవితంలో మొదటిసారి హెల్మెట్ పెట్టుకుని, నడుముకు తాడు తగిలించే పటకా, అదే హార్నెస్, బిగించుకుని, పదిమందితో సమానంగా రాతి మీద చేయి వేసి వచ్చాడు. ఆ రెండు రోజులూ అతను ఫలానావారి అబ్బాయి కాదు, మీ అందరిలాంటి ఒక పర్వతారోహకుడు. తోట దగ్గర బండి ఆగేసరికి అతనికి మళ్లీ తండ్రి పని అప్పగించారు. అడిగినవాళ్లలో చెడు ఉద్దేశం లేదని నమ్ముతున్నాను, చప్పట్లు కూడా మనస్ఫూర్తిగానే కొట్టి ఉంటారు. కాని ఆ చెట్టు ఎక్కమని మీలో ఇంకెవరినీ అడగలేదు. బొండాలు తాగినవాళ్లలో ఎవరైనా అతనికి కూలి ఇవ్వబోయారా అని కూడా నాకు సందేహం. మన ఊళ్లలో ఏ పని ఏ ఇంటివాళ్లు చేస్తారో, దానికీ కులానికీ ఉన్న ముడి ఏమిటో అందరికీ తెలిసిందే కాబట్టి, ఆ ‘ఎక్కు’ అన్న ఒక్క మాటలో అతనికి ఎంత వినిపించి ఉంటుందో మీరు ఊహించగలరు. ఇక రెండు వేల గురించి తండ్రి అన్న మాట డబ్బు గురించి మాత్రమే అని నేను అనుకోవడం లేదు. తాము ఎక్కితే కూలిపని, మీరు ఎక్కితే సాహసం ఎలా అయిందని ఆయన అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు మీ బృందం జవాబు చెప్పాల్సి ఉంది.

మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లు ఉన్నాయి. రెండు నెలలకోసారి దింపు తీయడానికి వచ్చే ఆయనకు యాభై దాటాయి. ఆయన వచ్చీ రాగానే చెట్టెక్కడు. ముందు చెట్టు చుట్టూ తిరిగి, తల వెనక్కి వంచి మొవ్వు వైపు చూస్తాడు. ఏ మట్ట ఎండి జారడానికి సిద్ధంగా ఉంది, కందిరీగల గూడు ఏమైనా ఉందా, మాను ఎటు వాలి ఉంది అన్నవి చూసుకుని, అరచేత్తో మానును రెండు చోట్ల తట్టి చప్పుడు వింటాడు. పిల్లలు ఎవరైనా కింద ఉంటే వాళ్లు దూరం జరిగేదాకా కాళ్లకు బంధం తగిలించడు. ఎక్కేటప్పుడు చేతులు కదిలితే కాళ్లు కదలవు, కాళ్లు కదిలితే చేతులు కదలవు. పైకి చేరాక పచ్చి మట్ట మొదలును సైతం రెండుసార్లు లాగి చూసుకున్న తరువాతే దాని మీద బరువు వేస్తాడు. కిందటి శ్రావణంలో ఒకరోజు వచ్చి, మాను మీది పాచి తడిని బొటనవేలితో రాసి చూసి, ‘ఇవాళ వద్దమ్మగారూ, రెండ్రోజులు ఎండ కాశాక వస్తాను’ అని ఆ రోజు కూలి వదులుకుని వెళ్లిపోయాడు. ఉత్తరకాశీలో మొదటి వారమంతా మాకు నేర్పినది ఇదే. ఎక్కబోయే దారిని కిందనుంచి చదవడం, పట్టును నమ్మేముందు పరీక్షించడం, మూడు చోట్ల ఆనిక ఉంటేనే నాలుగోది కదపడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఎక్కకూడని రోజును గుర్తుపట్టి వెనక్కి తిరగడం. మన డెల్టాలో కొండలు లేవు. మనకు ఎత్తు అంటే కొబ్బరిచెట్టు, గుడి గోపురం, ఏటిగట్టు. ఈ నేల మీద ఎత్తు గురించి తరతరాల జ్ఞానం ఉన్న ఇళ్లు ఏవైనా ఉంటే అవి దింపు కార్మికుల ఇళ్లు, గీత కార్మికుల ఇళ్లు. మీ బృందంలో లేనిది సరిగ్గా ఆ ఇళ్లవాళ్లే.

హిమాలయాల్లోనూ చాలాకాలం ఇదే జరిగింది. 1922లో ఎవరెస్టు మీదికి వెళ్లిన బ్రిటిష్ పర్వతారోహణ యాత్రలో మంచు విరిగిపడి చనిపోయిన ఏడుగురూ బరువులు మోసిన స్థానికులే. అధిరోహకులుగా ఆ యాత్ర కథలో మిగిలిన పేర్లు మాత్రం వారివి కావు. బరువులు మోసే కూలీగా మొదలైన టెన్జింగ్ నార్గే 1953 మే 29న శిఖరం మీద నిలబడ్డాక, మరుసటి ఏడాది డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ ఏర్పడి ఆయన అక్కడ శిక్షకుడయ్యాక, మోసేవాడు నేర్పేవాడు కూడా కాగలడని దేశానికి తెలిసింది. మన దగ్గర ఆ మాట ఎదురు దిశలో కూడా పనికి వస్తుంది, కొండ ఎక్కేవాళ్ల విద్య చెట్టెక్కేవాళ్లకు ఉపయోగపడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాడు, క్లిప్పులు, నడుము పటకాతో కూడిన కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి పర్వతారోహకులు వాడే పద్ధతికి దగ్గరి చుట్టాలు. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన మనిషి లేని గ్రామం మన లంకల్లో తక్కువ. మీ బృందం భువనగిరిలో నేర్చుకున్న తాడు విద్యలో కొంత ఆ తండ్రికి ఉపయోగపడుతుందేమో కనుక్కోండి, ఆయన చెట్టును చదివే విద్యలో కొంత మీకు నేర్పమని అడగండి. నేర్పడానికి వచ్చిన రోజు ఆయనకు ఆ రోజు కూలి ముందే ఇవ్వండి. గౌరవం పేరు చెప్పి ఉచితంగా పిలవవద్దు.

రెండు వేల రుసుము సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తేలికగా సరిచేయదగినది. హెల్మెట్లు, హార్నెస్‌లు ఒక్కొక్కరు కొనుక్కోనక్కర లేకుండా బృందం తరఫున కొని ఉంచండి. యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) గాని, సీఈ (ఐరోపా భద్రతా ప్రమాణం) గాని ముద్ర ఉన్నవే కొనండి, పాతవి ఎవరైనా దానంగా ఇచ్చినా వాటి వయసు, అవి ఎన్నిసార్లు పడ్డాయన్నది తెలియకపోతే వాడకండి. పేద పిల్లలకని నాసిరకం సామాను పెట్టడం కన్నా వాళ్లను తీసుకెళ్లకపోవడమే మేలు. మన సముద్రపు గాలికి క్లిప్పులు తుప్పుపడతాయి కాబట్టి తుడిచి నీడన ఆరబెట్టే పని వంతులవారీగా అందరికీ పెట్టండి. మారేడుమిల్లిలో ఒక పూట నడకకు పట్టు ఉన్న మామూలు కాన్వాసు బూట్లు చాలు. కట్టగలిగినవాళ్లు కొంచెం ఎక్కువ కట్టి, కట్టలేనివాళ్లు ఎంత కట్టారో కోశాధికారికి తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఉండే ఏర్పాటు చేయండి. అందరి ముందూ ‘వీడికి మనం ఉచితం’ అన్న మాట వినపడిందంటే ఆ అబ్బాయి మరి రాడు. మరొకటి, మీ వాట్సాప్ ప్రకటన ఏ భాషలో ఉంది? ఇంగ్లీషులో ఉంటే, పైన శిఖరం మీద నల్ల కళ్లద్దాలతో నిలబడిన ఇరవైమంది మగవాళ్ల ఫొటో ఉంటే, అది ఎవరిని పిలుస్తోందో చదివినవాళ్లకు అర్థమైపోతుంది.

అమ్మాయిల సంగతి ఇంత త్వరగా తేలేది కాదు. ఐదుగురూ ఒక్కసారి వచ్చి ఆగిపోయారంటే ఇళ్లలో ఒప్పుకోలేదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నా అనుభవంలో ఇల్లు ఒప్పుకోనివాళ్లు మొదటిసారే రారు. వచ్చి మానేశారంటే కారణం దారిలోనే ఉంది. ముప్ఫై ఏళ్లు వ్యాయామ అధ్యాపకురాలిగా పనిచేసి ఆడపిల్లలను శిబిరాలకు తీసుకెళ్లినదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మూత్రానికి వెళ్లే చోటు ఎక్కడో తెలియని నడకలో ఆడపిల్ల నీళ్లు తాగదు. పొద్దున్న ఇంట్లో తాగిన కాఫీ తరువాత మళ్లీ సాయంత్రం బస్సు ఎక్కేదాకా నాలుక తడుపుకుని సరిపెట్టుకుంటుంది. మన ఎండలో, మన ఉక్కలో, అలా నడిచిన పిల్లకు మూడో గంటకు తలనొప్పి, ఐదో గంటకు పిక్కలు పట్టేయడం ఖాయం. అప్పుడు వెనకపడిన ఆ పిల్లను చూసి, ‘ఆడపిల్లలకు స్టామినా తక్కువ’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఆమె మోసుకుని ఇంటికి వెళుతుంది. దీనికి మందు చిన్నది. బయలుదేరేముందు, అందరూ ఉండగానే, మగపిల్లలూ వింటుండగానే, ఏయే చోట్ల ఆగుతామో, ఎక్కడ మరుగు ఉంటుందో, చిన్న గుడారం ఎవరు మోస్తున్నారో నాయకుడు మామూలు గొంతుతో చెప్పాలి. నెలసరి అవసరాలకు కావలసినవి ప్రథమ చికిత్స పెట్టెలోనే, బ్యాండేజీ పక్కనే, అడగకుండా తీసుకోగలిగేలా ఉండాలి. వాడినవి అడవిలో పారేయకుండా తిరిగి తెచ్చుకోవడానికి కాగితం, మూత గట్టిగా పడే డబ్బా ఉంచాలి.

హార్నెస్ సంగతి ఇంకా సున్నితం. తొడల చుట్టూ, నడుము చుట్టూ బిగించే పటకాను ఒక మగ శిక్షకుడు వంగి తన చేత్తో సరిచేస్తే, అతను ఎంత మంచివాడైనా, పద్దెనిమిదేళ్ల పిల్ల బిగుసుకుపోతుంది. శిక్షకుడు తన ఒంటి మీద వేసుకుని చూపించాలి, ఎవరికి వారే వేసుకోవాలి, తరువాత జంటలోని ఇద్దరూ ఒకరి బకిల్‌ను, ముడిని ఒకరు పరీక్షించాలి. నిజానికి ఎక్కడైనా మంచి పద్ధతి ఇదే, ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా కనిపెట్టవలసింది ఏదీ లేదు. చున్నీ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కింద నిలబడి తాడు పట్టుకునే మనిషి చేతిలో ఉన్న పరికరంలోకి చున్నీ గాని, విప్పిన జడ గాని లాగబడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కారణం వారం ముందే చెప్పి, పొడుగు చొక్కా, జడ ముడి ఎలా ఉండాలో చెప్పి పంపితే తల్లులు అర్థం చేసుకుంటారు. అక్కడికి వెళ్లాక అందరి ఎదుటా ‘చున్నీ తీసెయ్’ అంటే ఆ ఒక్క మాటకే రెండోసారి రాదు. ఒక్క అమ్మాయిని ఎప్పుడూ తీసుకెళ్లకండి, ముగ్గురికి తక్కువైతే తేదీ మార్చండి. వీలైనంత త్వరగా ఒక మహిళను నాయకత్వంలోకి తీసుకోండి. అంటే వంట చూసుకోవడానికో, అమ్మాయిలకు తోడుగానో కాదు. దారి నిర్ణయించడానికీ, వాన వస్తే వెనక్కి తిప్పడానికీ ఆమెకు అధికారం ఉండాలి. మా అమ్మ అడిగిన ‘అక్కడ ఆడవాళ్లు ఎవరుంటారు’ అన్న ప్రశ్నకు అప్పుడు మీ దగ్గర ఒక మనిషి పేరు ఉంటుంది.

‘ఎవరినీ రావద్దనలేదు’ అన్నారు గాని, మాస్టారూ, ఒకరిని అన్నారు. కృత్రిమ పాదం ఉన్న విద్యార్థి రావచ్చా అని అడిగాడంటే, ఆ ప్రశ్న అడగడానికి ముందు అతను ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటాడో నాకు తెలుసు. మీ జాగ్రత్త వెనక ప్రేమే ఉంది, కాదనను. అయితే అతని కాలు గురించి అతనికి తెలిసినంత మీకు తెలియదు. ఎంత దూరం నడవగలవు, ఎక్కడం కష్టమా దిగడం కష్టమా, నీకు ఏం కావాలి అన్న మూడు ప్రశ్నలు మీరు అడగలేదు. అడిగి ఉంటే, కృత్రిమ పాదంతో చాలామందికి ఎక్కడం కన్నా దిగడమే కష్టమనీ, చెమటకు లోపలి చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది కాబట్టి గంటకోసారి కూర్చుని పాదం విప్పి తుడుచుకుని, మేజోడు మార్చుకునే చోటు చాలనీ తెలిసేది. పైనుంచి తాడు కట్టి ఉన్న రాతి మీద, కింద తెలిసినవాడు తాడు పట్టుకుని ఉంటే, అడవి బాట మీది జారుడు రాళ్ల కన్నా అతనికి ప్రమాదం తక్కువ కావచ్చు. డాక్టరు సలహా తీసుకోండి, దారి చిన్నది ఎంచుకోండి, నిర్ణయం మాత్రం అతనితో కలిసి తీసుకోండి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన వాలీబాల్ క్రీడాకారిణి అరుణిమా సిన్హాను 2011లో దొంగలు రైల్లోంచి తోసేస్తే ఎడమ కాలు పోయింది. ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ దగ్గర శిక్షణ పొంది 2013 మే 21న ఆమె ఎవరెస్టు ఎక్కింది. చూపు లేని అమెరికన్ ఎరిక్ వైహెన్‌మేయర్ 2001 మే 25న అదే శిఖరం మీద నిలబడ్డాడు, ముందు నడిచే సహచరుడికి కట్టిన గంట చప్పుడు వింటూ. 2028లో లాస్ ఏంజెలెస్‌లో జరగబోయే పారాలింపిక్స్‌లో పారా క్లైంబింగ్ మొదటిసారిగా పతకాల క్రీడ అవుతోంది. ఈ పేర్లన్నీ అతని చేత ఎవరెస్టు ఎక్కించమని చెప్పడానికి కాదు. అతను మీతో పాటు గుడిస మీద ఒక పొద్దుటి మబ్బు చూడాలనుకున్నాడు, అంతే.

ఇక మీ మిత్రుల మాట. పూర్ణ పేరు ఎత్తారు కాబట్టి ఆమె దారి ఎలా పడిందో పూర్తిగా చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న, రాష్ట్రం విడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు, ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు పదహారేళ్ల లోపువారికి అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ పిల్లలిద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఆ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పిల్లలకు కొండ ఎందుకు అందరాదని అనుకోవడంతో, శిక్షకుడు శేఖర్ బాబు వాళ్లను మీరు వెళ్లే ఆ భువనగిరి రాతి మీదే మొదలుపెట్టించి, డార్జిలింగ్‌కు, లద్దాఖ్ చలికి అలవాటు చేశాడు. ఖర్చు ప్రభుత్వం పెట్టింది, బూట్లు, తిండి, వైద్యం, ఇంటివాళ్లకు నచ్చజెప్పడం అన్నీ ఎవరో ఒకరు బాధ్యతగా చూశారు. పట్టుదల ఆ పిల్లలదే, అందులో ఎవరికీ వాటా లేదు. కాని ‘పట్టుదల ఉన్నవాళ్లు వాళ్లే వస్తారు’ అన్న మాటకు పూర్ణను సాక్ష్యంగా తెస్తే, ఆ సాక్ష్యం మీ మిత్రులకు వ్యతిరేకంగా పలుకుతుంది. ఏడు ఖండాల్లో ఒక్కోదానిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్ని ఎక్కడం ఆమె 2022 నాటికి పూర్తి చేసింది. ఎవరూ వెతకకపోయి ఉంటే పాకాలలోనే ఉండేది.

తేలిక చేస్తే విలువ పోతుందన్న భయానికి నా దగ్గర ఒక్కటే జవాబు ఉంది. ఎవరూ కొండను తేలిక చేయమనడం లేదు. మీరు భువనగిరిలో ఎక్కే రాయి ఎవరు వచ్చినా అంతే నిలువుగా ఉంటుంది, గుడిస ఎత్తు ఒక్క అడుగు తగ్గదు. మారవలసినవి బస్సు దిగినప్పటి నుంచి రాయి మొదలు దాకా ఉన్న ఏర్పాట్లు. అమెరికాలో ఎల్ కాపిటాన్ అనే దాదాపు 900 మీటర్ల నిలువు రాతి గోడ మీద ‘నోస్’ అనే దారిని, తాళ్లను కేవలం రక్షణకే ఉంచుకుని సొంత చేతులతో, కాళ్లతో మాత్రమే ఎక్కాలని ఏళ్ల తరబడి ఎందరో మగవాళ్లు ప్రయత్నించారు. 1993లో మొదట ఎక్కినది లిన్ హిల్ అనే మహిళ, మరుసటి ఏడాది ఆమె దాన్ని ఒక్క రోజులోనే పూర్తి చేసింది. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ, జపాన్‌కు చెందిన జున్‌కో తబెయి, మగవాళ్ల క్లబ్బుల్లో చోటు సరిగా దొరకక 1969లో మహిళల కోసం ఒక క్లబ్బు పెట్టింది. డబ్బు చాలక కారు సీటు తొడుగులు కోసి చేతులకు జలనిరోధక తొడుగులు కుట్టుకున్నారు వాళ్లు. శిఖరానికి వెళ్లే దారిలో మంచు విరిగిపడి ఆమెను కప్పేస్తే షెర్పాలు తవ్వి తీశారు, పన్నెండు రోజులకు ఆమె శిఖరం మీద ఉంది. వీళ్లవల్ల సాహసం విలువ తగ్గిందని మీ మిత్రుల్లో ఎవరైనా అనగలరా?

మీరు అడగని విషయం ఒకటి, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు వెళ్లినప్పుడు మీకు దారి చూపించే కొండరెడ్డి యువకుల పేర్లు మీ ఫొటోల కింద ఉన్నాయా? బొంగు చికెన్ తిని, వాళ్ల చేత నీళ్ల డబ్బాలు మోయించుకుని, తిరిగి వచ్చాక ‘మేం ఎక్కాం’ అని రాసుకోవడం మన మైదానంవాళ్లకు అలవాటైపోయింది. ఆ అడవి వాళ్ల ఊరు. రోజుకూలి ముందే మాట్లాడుకోవడం, వాళ్లతో పాటే కూర్చుని తినడం, మీకు తీసుకునే ప్రమాద బీమా వాళ్లకూ తీసుకోవడం కనీసం. వాళ్ల పిల్లల్లో ఎవరైనా భువనగిరి వస్తానంటే తీసుకెళ్లండి.

ఈ ఏడాది మొదటి నడకను అడవిలో కాకుండా ఇక్కడే పెట్టండి. కార్తీకం వెళ్లాక, గట్టు మీద బురద ఆరాక, గౌతమి ఒడ్డున గాని వసిష్ఠ ఒడ్డున గాని ఏటిగట్టు మీద పది కిలోమీటర్లు, వీపున అయిదు కిలోల బరువుతో. పొద్దున్న ఆరుకు బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఎవరి ఇంటికి వారు చేరతారు, రాత్రి బస లేదు, రుసుము లేదు, తల్లులు కావాలంటే వెనక ఆటోలో రావచ్చు, కొందరు నడిచినా ఆశ్చర్యపోను. కృత్రిమ పాదం ఉన్న అబ్బాయికి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే వీలుంది. దారి పొడుగునా రేవులున్నాయి కాబట్టి ఆ రోజే ఎవరెవరికి ఈత రాదో రాసుకోండి. ఏటి ఒడ్డున పుట్టి కూడా ఈత రాని ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకు ఆ కాగితం చెబుతుంది. లైఫ్ జాకెట్లతో, తెలిసిన శిక్షకురాలితో ఆ పని రెండో నెలలో మొదలుపెట్టవచ్చు. మీ అమ్మాయిని ఆ మొదటి నడకకు అతిథిగా పిలవకండి, దారి కొలవడం, ఆగే చోట్లు ఎంచడం ఆమెకే అప్పగించండి. ప్రశ్న వేసింది ఆమె కదా.

అంతకన్నా ముందు దింపు కార్మికుడి ఇంటికి వెళ్లండి. పొద్దున్న వెళితే ఆయన చెట్ల మీద ఉంటాడు, మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చి లేచాక, నాలుగింటి వేళ వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, బృందాన్ని వెంటపెట్టుకుని వద్దు, ఫొటోలు అసలే వద్దు. ఆ రోజు తోట దగ్గర చెట్టెక్కమనడం పొరపాటని కొడుక్కి చెప్పండి, తండ్రి వినేలా చెప్పండి. వాళ్లు ‘అయ్యో, దానికేముంది మాస్టారూ’ అంటారు. అన్నా సరే, మాట పూర్తి చేయండి. ఆ తరువాత, భువనగిరి ప్రయాణానికి తాళ్లు పరీక్షించే బాధ్యత ఆ అబ్బాయి తీసుకుంటాడేమో అడగండి. వెంటనే ఒప్పుకోకపోతే ఒత్తిడి పెట్టకుండా, తేదీ రాసిన కాగితం ఒకటి అతని చేతికి ఇచ్చి రండి. గడువు ఇంకా నెల రోజులు ఉండగానే ఇవ్వండి.